అమ్మీటర్ ముల్లు ప్లస్ వైపు తిరిగింది

2011. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎల్బీ నగర్‌లో సాగర్ రోడ్డు వైపు సందులో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. బంద్ అన్న రోజు షటర్ సగం దించి లోపల పని చేసుకునేవాణ్ణి. మాది తెనాలి వైపు. ఇక్కడ స్థిరపడి అప్పటికి ఇరవై ఏళ్లు.

ఒక సోమవారం పొద్దున ఇబ్రహీంపట్నం అవతలి పల్లె నుంచి ఒక కొత్త ట్రాక్టర్, ఇంకో పాత ట్రాక్టర్‌ను తాడు కట్టి లాక్కొచ్చింది. పాతది దాదాపు నా వయసు బండి. దాని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది యాభై దాటిన యాదమ్మ. కొత్త బండి మీద ఆమె మరిది నర్సింహ.

"తమ్మీ, బేస్తవారం ర్యాలీ ఉన్నది. మా ఊరి ట్రాక్టర్లన్నీ దిల్‌సుఖ్‌నగర్ దాక పోతయి. నా బండి తాళంతోని స్టార్ట్ కావాలె," అంది యాదమ్మ.

నర్సింహ నవ్వాడు. "ఎందుకు వదినె గీ పరేషాన్? ర్యాలీల నడిస్తే ఉంచుకో, నడ్వకుంటే తుక్కుకే. నలుగుర్ల ఒప్పుకున్నవు గద." నా వైపు తిరిగి, "అయినా ఆంధ్రా మిస్త్రీ మా ర్యాలీ బండి చేస్తడా?" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. "కరెంటుకి ప్రాంతం తెలీదండీ. గురువారం చూద్దురుగాని," అన్నాను.

అన్నానే గానీ, డ్యాష్‌బోర్డు విప్పాక పని ఎంతుందో తెలిసింది. ఎవరో అంతా 'డైరెక్ట్' చేసేశారు. అంటే స్విచ్ పీకేసి, రెండు వైర్లు అంటిస్తే బండి లేచేలా కట్టేయడం. మా వృత్తికి పట్టిన దరిద్రం అది! ఇప్పుడు ఆ వైర్లూ కాలిపోయాయి, గేజీలు ఒక్కటీ పనిచేయడం లేదు. యాదమ్మ కొంగు ముడి విప్పి పాత ఇగ్నిషన్ స్విచ్, తాళం నా చేతిలో పెట్టింది.

"పారేస్తుంటె దాచిన. మా ఆయన పోయి ఆరేండ్లాయె. ఆయన తిప్పిండంటే ఒక్కపారికే లేచేది," అంది.

కొత్త వైర్లు లాగాను. స్విచ్ లోపలి ఇత్తడి కాంటాక్టుల్ని మెరిసేదాకా రుద్దాను. ఆయిల్ ప్రెషర్ గేజీకి వచ్చే సన్నటి రాగి గొట్టంలో మడ్డి గడ్డకట్టింది. డీజిల్ పోసి ఊదితే దారి తెరుచుకుంది. పసుపెక్కిన గేజీ అద్దాలు మార్చాను. బుధవారం మధ్యాహ్నం తాళం తిప్పితే బండి లేచింది. కానీ అమ్మీటర్, అంటే బ్యాటరీకి కరెంటు ఎక్కుతోందో దిగుతోందో చెప్పే గేజీ, దాని ముల్లు మైనస్‌కి పోయింది. ఇంజిన్ వేగం పెంచేకొద్దీ ఇంకా మైనస్‌కే.

డైనమో పోయిందనుకున్నాను. విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. అది నిక్షేపంలా ఉంది. నర్సింహ మొహం తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని చూస్తున్న యాదమ్మ మెల్లగా అంది: "ఒక మాట చెప్తె కోప్పడవు గద తమ్మీ? మా ఆయన బ్యాటరీ ప్లస్ వైరు బండి బాడీకి బిగించెటోడు. నువ్వు మైనస్ బిగించినవ్."

చచ్చాను! ఇప్పటి బండ్లలో మైనస్‌నే బాడీకి కడతాం. ఆ కాలపు కొన్ని బండ్లలో ప్లస్‌ని కట్టేవారు. పాజిటివ్ ఎర్త్ అంటారు. డైరెక్ట్ చేసినవాళ్లు తిరగేసి కట్టారు, వాళ్ల వెనకే నేనూ కట్టాను. అందుకే బ్యాటరీకి కరెంటు ఎక్కుతున్నా ముల్లు దిగుతున్నట్టు చూపించింది. అమ్మీటరే పనిచేయనప్పుడు ఇన్నాళ్లూ ఎవరికి తెలుస్తుంది?

"మూడు రోజులుగా చూస్తున్నావు, ముందే చెప్పొచ్చుగా అక్కా!"

"నువ్వు అడగకపోతివి. మిస్త్రీవి గద, ఎరికె అనుకున్న."

సిగ్గుతో తల దించుకుని బ్యాటరీ వైర్లు మార్చాను. డైనమోకి ఒక్క క్షణం బ్యాటరీ కరెంటు తాకించాను. అలా చేస్తే అది కొత్త దిశకు అలవాటు పడుతుంది. బండి లేపాం. ముల్లు ప్లస్‌కి లేచింది! ఇద్దరం చిన్నపిల్లల్లా కేక పెట్టాం.

గురువారం ఎల్బీ నగర్ చౌరస్తాలో ట్రాక్టర్లు బారులు తీరాయి. యాదమ్మ తాళం తిప్పింది. ఒక్కపారికే లేచింది. నర్సింహ తన కొత్త బండి పక్కకు తీసి, "ముంగట నువ్వే నడువు వదినె," అన్నాడు.

నేను షటర్ దించేసి స్కూటర్ మీద వెంటపడ్డాను. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర, ఆ నినాదాల హోరులో యాదమ్మ నన్ను చూసి గొంతు చించుకుని అరిచింది: "తమ్మీ, ముల్లు ప్లస్‌ల్నే ఉన్నది!"

ఆ రోజు నుంచి ఎంత చిన్న రిపేరైనా, పానా పట్టుకునే ముందు బండితో బతికిన మనిషిని అడుగుతున్నాను: బాగున్నప్పుడు ఇదెలా ఉండేది?