నిన్న ఏం పని చేసినవ్?

మొన్న పొద్దున సురంగల్‌లో మా గేటు ముందు చిల్కూరు ఆటో ఆగింది. నడిపే అతను దిగకుండానే అన్నాడు: "అవ్వా, నర్సమ్మ పోయిందంట."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరు అంటున్రు."

"అందరంటే ఎవరు? మనిషిని చెప్పు."

"మా అత్త, అవ్వా. చేవెళ్లల వాళ్ల పక్కిల్లే. కండ్లార చూసొచ్చింది."

అప్పుడు నమ్మాను. గాలి మాట పట్టుకుని ఒక మనిషి లేదనుకోవడం నాకు చేతకాదు. అదే ఆటోలో చేవెళ్లకు వెళ్లాను.

ఆమె మా సర్కారు దవాఖానలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సమ్మ. రిటైరయ్యాక చేవెళ్లలో కూతురి దగ్గర ఉండేది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆమె చేత సూది వేయించుకోని ఇల్లు తక్కువ. ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్లంతా ఒకే మాట అంటున్నారు: "మొన్న గూడ అడిగినం, మంచిగనే ఉన్న అన్నది." అది విని నాకు ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది. ఎవరు చెప్పినా ఆ మాటను నమ్మని మనిషి ఆమె. చివరికి తానే దాన్ని అడిగినవాళ్లందరికీ చెప్పి పోయింది.

ఎందుకు నమ్మేది కాదో నేను కళ్లారా చూశాను. మాది కూరగాయల సేద్యం. లెక్కలు నావి, తోట మా ఇంటాయనది. ఒక ఏడు బీరతోట కాపు మీద ఉండగా ఆయన తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు. ఏమైందని అడిగితే ఏమీ కాలేదంటాడు. పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయాను. "ఎట్లున్నరు?" అని డాక్టరుగారు అడిగితే, "మంచిగున్న సార్" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

నర్సమ్మ బీపీ చూడటానికి ఆయన చేతికి పట్టీ చుడుతోంది. నన్ను అక్కా అని పిలిచేది కనుక ఆయన ఆమెకు బావ.

"బావా, నిన్న ఏం పని చేసినవ్?"

"బీరకాయ తెంపిన."

"తోటంత తెంపినవా?"

"లే, రెండు సాల్లు."

"రెండే సాల్లా? అక్కకు భయపడి పొద్దుగూకేదాక తెంపుతవని విన్న."

"నడుమల కూసున్న."

"ఎందుకు? బీడీ తాగనీకా?"

"లే మరదలా, జర దమ్ము వస్తున్నది. ఛాతి మీద రాయి పెట్టినట్టయితది. కూసుంటె తగ్గుతది."

డాక్టరుగారి కలం ఆగిపోయింది. లేచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని మళ్లీ మొదటి నుంచి అడిగారు. ఆ రోజే పట్నం పంపించారు. గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోతోందని అక్కడ తేలింది. ఇది రాస్తుంటే ఆయన పక్క గదిలో టీవీ గట్టిగా పెట్టుకుని వింటున్నాడు. తగ్గించమని చెప్పబుద్ధి కావడం లేదు.

తర్వాత ఒకసారి ఆమెను అడిగాను, ఎట్ల కనిపెట్టినవని.

"కనిపెట్టుడేంది అక్కా? ఎట్లున్నవంటే మనోళ్లు మంచిగున్న అంటరు. పెండ్లిల అడిగినా అదే, దవాఖానల అడిగినా అదే. అది జవాబు కాదు, మర్యాద. పని గురించి అడిగితే మర్యాద మర్చిపోతరు."

మందు కంటే ముందు ఆమె మాట కుదుర్చుకునేది. నిలబడి పైనుంచి మాట్లాడటం ఆమెకు నచ్చదు. స్టూలు లాక్కుని ఎదుటివాళ్ల ముఖానికి సమంగా కూర్చునేది. చలికాలం తన రెండు అరచేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకున్నాకే చెయ్యి పట్టుకునేది. తల దువ్వుకోకుండా డ్యూటీకి వచ్చిన రోజు నేను చూడలేదు. జడ గట్టిగా అల్లి, చుట్టి, దానికి నల్ల వల కట్టేది. "నర్సు తల చెదిరి ఉంటె దవాఖానల ఏదో అయిందని భయపడతరు అక్కా" అనేది.

కనకమామిడి ఊరి నుంచి ఒక ముసలమ్మ షుగర్ పరీక్షకు వచ్చేది. ఒక రోజు నేనూ వరుసలో ఉన్నాను.

"అవ్వా, పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"అయ్యో, ఏం తినలె బిడ్డ. పరగడుపుతోనే వచ్చిన."

"తాగుడు?"

"చాయ్ తాగిన."

"చక్కెర ఏసుకున్నవా?"

"చక్కెర లేకుంట చాయ్ ఎవరన్న తాగుతరా?"

వరుసంతా నవ్వింది. నేనైతే అక్కడే గట్టిగా మందలించేదాన్ని. నర్సమ్మ మాత్రం తలూపింది. "నిజమే. మేము తినొద్దని చెప్పినం, చాయ్ తాగొద్దని చెప్పలె. రేపు మంచినీళ్లు తప్ప నోట్లె ఏం ఏసుకోకుంట రా."

మరోసారి అదే ముసలమ్మకు గోలీలు ఇచ్చి, అర్థమైందా అని అడగలేదు. స్టూలు దగ్గరకు జరుపుకుంది.

"అవ్వా, ఇది మీ ఇల్లు, నేను నీ కోడల్ని. ఇప్పుడే ఆటో దిగినవ్. డాక్టర్ ఏమన్నడత్తమ్మా?"

ముసలమ్మ నడుం నిటారుగా చేసింది. "ముందుగాల చాయ్ పెట్టు! వచ్చుడుతోనే మొదలుపెట్టినవ్."

"పెడత గని, గోలీ ఎప్పుడు ఏసుకోవాలె?"

"తిన్నంక... కాదు, తినకముందు."

"రెండిట్ల ఏది?"

"నాకేం తెలుసు, నువ్వే చెప్పాలె కోడలా!"

మళ్లీ చెప్పింది. మళ్లీ కోడలైంది. సరైన జవాబు వచ్చేదాకా ఆ ఆట ఆగలేదు. వెనుక నిలబడ్డవాళ్లు విసుక్కోలేదు. వాళ్లకూ ఆ గోలీ ఎప్పుడు వేసుకోవాలో తెలిసిపోయింది.

ఆమెకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని తెలిశాక, కొద్ది వారాల కిందట చూడటానికి వెళ్లాను. తలుపు తీసిన కూతురు గుమ్మంలోనే చెప్పింది: "మంచిగనే ఉన్నది పెద్దమ్మా. నొప్పి గోలీలు సరిపోతున్నయని డాక్టర్‌కు గూడ అదే చెప్పినం."

మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు విడిగా భుజాల మీద పడి ఉంది. ఆమె జడ విప్పి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. స్టూలు కోసం చూశాను, లేదు. మంచం అంచునే కూర్చున్నాను.

"ఎట్లున్నవ్?"

"మంచిగున్న అక్కా."

ఆమె ముఖానికి ఎదురుగా జరిగాను. తర్వాత అడిగాను. "నిన్న ఏం పని చేసినవ్?"

నా ముఖంలోకి చూసింది. నవ్వు మొదలుపెట్టింది గానీ అది సగంలోనే ఆగిపోయింది.

"నా పాఠం నాకే చెప్తున్నవా?"

"చెప్పు."

"జడ ఏసుకుందామని కూసున్న. చెయ్యి పైకి పోలె. దువ్వెన కింద పడ్డది. వంగి తీసుకునుడు చేతకాక అట్లనే చూసుకుంట కూసున్న."

కూతురు చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది. "నొస్తున్నదా అమ్మా? నాకెందుకు చెప్పలె?"

"నువ్వు డ్యూటీకి పోయేదానివి బిడ్డ. రాత్రి నిద్ర ఉండాలె."

"నీకు నిద్ర పడుతున్నదా?"

కూతురు గ్లాసులు కింద పెట్టి డాక్టరుకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లింది. ఆ రోజే మందు మార్చారు. ఆ తర్వాత తల్లి రాత్రిళ్లు కాస్త నిద్రపోయేదని మొన్న షామియానా కింద నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

కూతురు ఫోన్‌లో మాట్లాడుతుండగా నేను మంచం కిందికి వంగి దువ్వెన తీశాను. ఆమె వెనక్కి చేరి కూర్చున్నాను. నాది గట్టి చెయ్యి. నేను జడ వేస్తానంటే మా మనవరాళ్లు ఇల్లంతా పరుగెత్తేవాళ్లు.

"నొస్తే చెప్పు" అన్నాను.

"నొస్తలేదక్కా."

రెండోసారి దువ్వెన దించాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"కాదు. నొస్తున్నది. జర మెల్లగ దువ్వు."

పట్టు వదులు చేశాను. దువ్వెన పక్కన పెట్టి వేళ్లతోనే చిక్కులు విడదీశాను. తల కొంచెం కొంచెంగా వెనక్కి వాలుతూ వచ్చింది. చివరికి ఆ తల బరువంతా నా రెండు అరచేతుల్లో ఆగింది.