రాకెట్టుకు ఎదురొచ్చిన వారం

మనిషి ఆకాశంలోకి వెళ్లాడంటే రేడియో చుట్టూ జనం పోగయ్యే రోజులవి. సూరత్‌లో మేముండే మగ్గాల గల్లీలో మాత్రం అంతకన్నా పెద్ద విషయం, పని మీద బయల్దేరినవాళ్లకు ఎవరు ఎదురొచ్చారన్నది. ఒకసారి బాబాయికి నేను ఎదురొచ్చాను. ఆ రోజే కరెంటు పోయి కార్ఖానాలో మగ్గాలన్నీ ఆగిపోయాయి (సగం సూరత్‌కు పోయింది, అయినా నింద నా పదేళ్ల కాళ్ల మీదే పడింది). అప్పటినుంచి ఎవరు బయల్దేరినా నన్ను వంటింట్లో పెట్టి గడియ వేసేవారు. నాకు ఏడుపొచ్చేది. ఇంకో పది రోజుల్లో బాబాయికి రైల్వే ఇంటర్వ్యూ. మళ్లీ గడియ తప్పదు.

సరిగ్గా అప్పుడే మన దేశం మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లాడని రేడియోలో చెప్పారు. నేను నాయనమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"నేను ఆయనకు ఎదురొస్త. సల్లగ దిగితే నా కాళ్లు మంచియని ఒప్పుకోవాలె."

"ఆయన ఎప్పుడో పోయిండు గదనే. గిప్పుడు ఎదురొచ్చుడేంది?"

"భూమి సుట్టే తిరుగుతుండంట. జరసేపటికి మళ్ల మన మీదికెల్లే పోతడు."

నాయనమ్మ చాలాసేపు ఆలోచించి (ఏ శాస్త్రవేత్తా అంత ఆలోచించి ఉండడు) "అయితే నిండు బిందె పట్టు. ఖాళీది గిట్ల పట్కపోకు" అంది.

వారం రోజులు, బడి నుంచి రాగానే, గంటన్నరకోసారి మేడ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను (రాత్రిళ్లు ఆయన్ని దేవుడికి వదిలేసి నిద్రపోయేదాన్ని). ఏ దిక్కు నుంచి వస్తాడో తెలియక రెండు వైపులా ఎదురొచ్చాను. ఆకాశం చూస్తూ నడిచేవాళ్లకు కింద ఏముందో కనిపించదు కదా, మూడో రోజు పక్కింటి గుజరాతీ మాసి ఆరబెట్టుకున్న అప్పడాల మీద బిందెతో సహా పడ్డాను. "అరే ఛోక్రీ, శుఁ కర్యుఁ!" అని మాసి చెయ్యెత్తింది. ఏడుస్తూ సంగతంతా చెప్పాను. మాసి ఎత్తిన చెయ్యి దించి, "దేశ్‌నుఁ కామ్ ఛే", దేశం పని కదా అంటూ బిందె మళ్లీ నింపి ఇచ్చింది.

ఆయన క్షేమంగా దిగాడు. గల్లీ అంతా ఆయన్ని పొగుడుతుంటే నేను నా కాళ్లకు పసుపు రాసుకున్నాను. ఇంటర్వ్యూ రోజు నాయనమ్మే "రావే బిడ్డా" అని పిలిచింది. నిండు బిందెతో, మహారాణిలా, బాబాయికి ఎదురొచ్చాను.

ఉద్యోగం రాలేదు.

"దీని కాళ్లు ఆకాశంల తిరిగెటోళ్లకే పనికొస్తయి" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. గల్లీలో ఆ రకంవాళ్లు మరెవరూ లేకపోవడంతో గడియ మళ్లీ పడింది.

ఇప్పుడు సూరత్‌లోనే, ఆల్థాన్‌లో ఉంటున్నాను. కొడుకు మోటారు సైకిలు మీద రింగు రోడ్డు దాకా వెళ్లినా, తిరిగొచ్చేవరకు నాకు కుదురుండదు. ఒక మనిషిని ఆకాశం నుంచి క్షేమంగా దింపగలనని నమ్మి, వారమంతా హాయిగా నిద్రపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ఈర్ష్యగానూ ఉంటుంది.