దొరసానులంతా ఒక్కలాగే

నిన్న ఫోన్లో పాత అమెరికా సినిమా చూస్తుంటే వంటమనిషి వేషంలో, చిన్నప్పుడు తెర మీద చూసిన ఒక ముసలి నటి కనిపించింది. జవాబు చెప్పే ముందు ఎడమ కనుబొమ్మ ఎగరేసింది. నాకు చిన్ననాటి కోపం మళ్లీ వచ్చింది.

డెబ్బైల్లో విశాఖలో ఆదివారం పొద్దుటి ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. పోర్టులో పనిచేసే మా మావయ్య నన్ను తీసుకెళ్లేవాడు. ఓడల మీద దొరలతో రెండు ముక్కలు మాట్లాడాడు గనక, వెనక వరసకు కూడా వినబడేలా కథ చెప్పేవాడు. అందులో సగం సొంత కవిత్వం.

ఒకసారి తెర మీద ఆవిడ అంట్లు కడుగుతోంది. "మావయ్యా, పోయిన వారం గొప్పింటి అత్తగారు ఈవిడే కదా?" అన్నాను.

"ఓలమ్మీ, దొరసాన్లంతా ఒక్కలాగే ఉంతారే! నాను ఓడల మీద ఎంతమందిని సూడ్నేదు? ఇది పనిమనిసి, అది గొప్పోళ్లింటిది. ఇద్దరూ ఒకర్తే ఎలాగవుతారే?"

వరసంతా నవ్వింది. నాకు కోపమొచ్చింది, అయినా నమ్మేశాను. ఆ తర్వాత ఇంకో రెండు సినిమాల్లో ఆవిడ కనిపించినా, అమెరికాలో ఇంటికొక కనుబొమ్మ ఎగరేసే ముసలావిడ ఉంటుందనుకున్నాను.

చివర్లో హీరో ముద్దు పెట్టగానే మావయ్య లేచి బయల్దేరేవాడు. "పేర్లు సదవడానికొచ్చామేటి?" అనేవాడు. ఆ పేర్లు లేచిన జనం వీపుల మీద పడి మాయమయ్యేవి.

నిన్న చివరిదాకా కూర్చున్నాను. అట్టడుగున, వంటమనిషి పాత్ర పక్కన, ఆవిడ పేరుంది.

నాలుగు సినిమాల్లో ఆవిణ్ణి నలుగురు మనుషులనుకున్నాడు మావయ్య. ఏ నటికైనా అంతకు మించిన మెప్పు లేదు. ఆవిడ ఖర్మ కాకపోతే, అది మా మావయ్య నోట రావాలా!