ఆర్లో గారి కొసరు

ఆర్లో బ్రెకీ కొసరు లేకుండా ఏదీ ఇవ్వడు, ఏదీ పుచ్చుకోడు. రైస్ ఫాల్స్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. రొట్టెల కొట్లో డజను బన్నులు కొంటే పదమూడోది అడగడం ఆయనకు నమస్కారం పెట్టినంత మామూలు. పళ్ళ డాక్టరు దగ్గర ఒక పన్ను పీకించుకుని, ఎలాగూ కుర్చీ వెచ్చగానే ఉంది కాబట్టి కొసరుగా తన భార్య పన్ను కూడా చూసెయ్యమన్నాడు. ఆయన పెళ్ళిలో పాస్టరు గారు ఆశీర్వచనం ముగించి పుస్తకం మూస్తుంటే, ఇంకో కీర్తన కొసరు వెయ్యమన్నాడట. తమ కాపురం నిలబడింది ఆ కొసరు కీర్తన వల్లేనని ఆయన భార్య ఇన్‌గ్రిడ్ ఇప్పటికీ అంటుంది.

ఇలాంటి మనిషి చేతిలో ఒక బేస్‌బాల్ జట్టు పెట్టారు. జట్టు పేరు ఆటర్స్, అంటే నీటికుక్కలు. టీవీలో చూపించే పెద్ద లీగు కాదు. పెద్ద లీగు పనికిరారన్నవాళ్ళూ, పెద్ద లీగు ఇంకా పిలవనివాళ్ళూ చేరి, చాలీచాలని జీతానికి ఆడే చిన్న లీగు. వేసవంతా మైదానంలో ఆటగాళ్ళు ఆడతారు. నది గడ్డకట్టి, మైదానం మంచు కింద పడుకున్నాక ఆర్లో ఆట మొదలవుతుంది. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి, బదులుగా ఏం రాబట్టాలి అని వసంతం దాకా ఫోను వదలడు.

ఈ బేరాలన్నింటినీ పక్కగదిలోంచి విని, కాగితాల మీదికెక్కించి, లీగుకు పంపేది వెర్నా. టిక్కెట్లు, జీతాలు, కాఫీ, ఆర్లో, ఈ నాలుగూ ఆవిడ బాధ్యతలు. మొదటి మూడూ సులువేనని చెబుతుంది.

ఒక ఏడాది, దూరాన నిలబడి బంతులు ఆపే ఔట్‌ఫీల్డర్ని వేరే జట్టుకిచ్చి పాప్‌కార్న్ యంత్రం తెచ్చాడు, కొసరు ఒక బస్తా మొక్కజొన్న. ఇంకో ఏడాది బంతి విసిరే కుర్రాడికి బదులుగా మైదానం దీపాలకు బల్బులు, కొసరు పొగబెట్టిన చేపలు. ఆ చేపలు బల్బుల పెట్టెలోనే వచ్చాయి. ఆ వేసవి అంతా రాత్రి ఆటల్లో దీపాలు వేడెక్కగానే ఊరి పిల్లులన్నీ స్టేడియానికి తరలివచ్చాయి. రెండో బేస్ ఆటగాణ్ణి ఇచ్చిన ఏడాది గడ్డి కోసే యంత్రంతో పాటు కొసరుగా దుప్పి వేషం ఒకటి వచ్చింది.

"మనవి నీటికుక్కలు కదండీ, దుప్పితో ఏం చేసుకుంటాం?" అని వెర్నా అడిగింది.

"కొమ్ములు తీసేసి తోక కుట్టమ్మా. దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది?"

వెర్నా కుట్టింది. దూరం నుంచి కూడా అందరికీ తెలిసింది.

ఇలా చలికాలానికో కథ దొరికేది. పేపరువాడికి బొమ్మ, ఊరికి నవ్వు. వెర్నా కూడా నవ్వేది, ఎలిసెయో వంతు వచ్చేదాకా.

ఎలిసెయో పరేదెస్ క్యాచర్. బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టడం అతని పని. పాతికేళ్ళ కుర్రాళ్ళకే మోకాళ్ళు పట్టేసే పని అది, అతనికి నలభై దగ్గర పడుతోంది. కూర్చుని లేచినప్పుడల్లా అతని మోకాళ్ళ కిర్రుమనే చప్పుడు మూడో వరుస దాకా వినిపించేది. పిల్లలు దానికీ చప్పట్లు కొట్టేవారు. భార్యాబిడ్డలు టెక్సస్‌లో ఉంటే, క్రిస్మస్ దాకా ఇక్కడే కలప అడితిలో పనిచేసి, నాలుగు డాలర్లు వెనకేసుకుని వెళ్ళేవాడు. ఊళ్ళో ఎవరింటి ముందు మంచు పేరుకున్నా పార పట్టుకుని దిగేవాడు. వెర్నా భర్త చనిపోయిన చలికాలం, అతను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆవిడ గుమ్మం ముందు మంచు అన్నది నిలవలేదు.

ఆ ఏడాది లీగువాళ్ళు ముదురు ఆటగాళ్ళ సంఖ్య తగ్గించాలని నిబంధన పెట్టారు. ఎవరో ఒకరు వెళ్ళక తప్పదు. ఎలిసెయోని మాత్రం ముట్టుకోవద్దని వెర్నా ముందే చెప్పింది. ఆర్లో "చూద్దాం" అని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బేరాలు ఊరంతా వినేలా చేసే మనిషి తలుపు వేసుకోవడం అదే మొదలు. నవంబరంతా రోజూ పొద్దున్నే అదే తంతు.

డిసెంబరు మొదట్లో కబురు బయటికొచ్చింది. ఎలిసెయోని టెక్సస్‌లో స్టీర్స్ అనే జట్టుకు ఇచ్చేశాడు. బదులుగా, వానొస్తే మైదానం మీద కప్పే టార్పాలిన్, అదీ వాడినది. కొసరు ఒక పెట్టె పంపరపనస పండ్లు.

పేపర్లో పంపరపనసకి ఎలిసెయో మీసాలు పెట్టి బొమ్మ వేశారు. ఊరంతా నవ్వింది. ఎలిసెయో నవ్వలేదు. కలప పొట్టు అంటిన కోటుతోనే ఆఫీసుకొచ్చి వెర్నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఒక పాత గుడ్డ, ఒక పండ్ల పెట్టె. ఇన్నాళ్ళకీ నా విలువ అంతేనా?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆవిడ తిన్నగా ఆర్లో గదిలోకి వెళ్ళింది. ఎలిసెయో మంచు తోసిన గుమ్మాలు లెక్కపెట్టుకోమంది. యంత్రాలకీ చేపలకీ మనుషుల్ని అమ్మే చోట ఇక తను ఉండనంది. ఆర్లో కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"గుడ్డ పాతదే కానీ, చిరుగుల్లేవు వెర్నా" అన్నాడు చివరికి.

"క్రిస్మస్‌కి మానేస్తున్నాను. కాఫీకి ఇంకెవర్నైనా చూసుకోండి."

"క్రిస్మస్ దాకా ఉంటానంటున్నావుగా, కొసరుగా జనవరి కూడా ఉండరాదూ."

వెర్నా వేసిన తలుపుకి గోడ మీది జట్టు ఫొటో వంకరైంది.

మర్నాడు ఆర్లో భోజనానికి వెళ్ళిన సమయంలో ఫోను మోగింది. చేసింది టెక్సస్ జట్టు మేనేజరు బాయిడ్. నవ్వు కలిపిన గొంతు. టార్పాలిన్ లారీకెక్కించామనీ, పండ్లు ఆఫీసుకి పంపాలో ఇంటికి పంపాలో చెప్పమనీ అడిగాడు. వెర్నా పొడిపొడిగా జవాబిచ్చింది. అతను మాత్రం ఫోను పెట్టలేదు.

"మీ పెద్దాయన మామూలు మనిషి కాదమ్మా. నాకు క్యాచర్ వద్దు మొర్రో అంటే రోజూ పొద్దున్నే ఫోను. మోకాళ్ళున్నంతకాలం ఆడించు, తర్వాత మీ కుర్రాళ్ళకి నేర్పే కోచ్‌గా పెట్టుకో, వాళ్ళ ఇల్లు మీకు గంట ప్రయాణమే అంటాడు. చివరికి విసుగొచ్చి సరే అన్నాను."

"మరి ఆ టార్పాలిన్ ఏమిటండీ?"

"అదే నాకూ తెలీదు. నేను ఊరికే తీసుకుంటానన్నానమ్మా. ఆ మాటకి కోపం వచ్చింది ఆయనకి. 'పరేదెస్ మీకు ఊరికే రాడు' అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ నేనే చేయాల్సి వచ్చింది. నాకు అక్కర్లేని మనిషి కోసం నేనే బేరమాడానమ్మా. ఇప్పటికీ ఎలా జరిగిందో అర్థం కాలేదు."

వెర్నా ఫోను పెట్టేసింది. ప్రతి చలికాలం మిగతా జట్లు తీసేసినవాళ్ళ పేర్లు లీగు కాగితంలో బారుగా పడతాయి. అలా తీసేసినట్టు తను ఒక్క ఆటర్ పేరైనా పంపిందా అని ఆలోచించింది. ఒక్కటీ గుర్తు రాలేదు. భుజం పోయినవాడూ, చూపు తగ్గినవాడూ, కాలు ఈడ్చేవాడూ అందరూ బదిలీ మీదే వెళ్ళారు. పేపరు ప్రతిసారీ పిల్లుల గురించీ దుప్పి గురించీ రాసింది. ఎవడి భుజం గురించీ రాయలేదు.

ఆర్లో భోజనం నుంచి వచ్చాడు. చేతిలో యాపిల్ పై అనే తీపి వంటకం ముక్కలు రెండు. ఒకటి కొన్నది, ఒకటి కొసరు. కొసరు ముక్క వెర్నా బల్ల మీద పెట్టాడు.

"బాయిడ్ గారు ఫోను చేశారు" అంది వెర్నా. "ఊరికే తీసుకుంటానన్నారటగా."

ఆర్లో చెవులు ఎర్రబడ్డాయి. బయటి చలి వల్లనే అన్నట్టు వాటిని రుద్దుకున్నాడు.

"ఊరికే ఇవ్వడాన్ని పారేయడం అంటారు వెర్నా. ఎలిసెయో ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏమని చెప్పుకుంటాడు?" అని, ఇంకేమైనా అడుగుతుందేమోనని గబగబా గదిలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఎలిసెయో తన తొడుగులూ బూట్లూ తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా సంచీ సర్దుకుంటున్నాడు. బాయిడ్ చెప్పినదంతా చెబుదామని వెర్నా నోరు తెరిచింది. కానీ అందులో 'నాకు క్యాచర్ వద్దు' అన్న మాట కూడా ఉంది. నోరు మూసి, మళ్ళీ తెరిచింది.

"వాళ్ళు నిన్ను చవగ్గా కొట్టేద్దామనుకున్నారు ఎలిసెయో. ఈయన ఒప్పుకోలేదు. నెల్లాళ్ళు బేరం."

ఎలిసెయో సర్దడం ఆపాడు. "నెల్లాళ్ళా? మొదట ఏం అడిగాడేంటి?"

వెర్నా పుట్టాక బేరమాడి ఎరగదు. కూరగాయలవాడు ఎంతంటే అంత ఇచ్చి వచ్చే మనిషి. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద స్కూలు బస్సు మంచులో మెల్లగా పోతోంది.

"బస్సు" అంది.

"బస్సా?"

"వాళ్ళ జట్టు బస్సు. ఈయన మొత్తంగా ఇచ్చెయ్యమన్నారు. వాళ్ళు గుండెలు బాదుకున్నారు. అక్కణ్ణించి దిగి దిగి టార్పాలిన్ దగ్గర తెగింది."

ఎలిసెయో సంచీ కింద పెట్టి నడుం నిటారు చేశాడు. "అది సీట్లు వెనక్కి వాలే బస్సమ్మా. నేను చూశాను."

"అదే."

లోపలి గదిలో పేపరు చప్పుడు ఆగింది. కాసేపటికి తలుపు వెనక నుంచి ఆర్లో గొంతు వినిపించింది. "కొత్త టైర్లు వేయించి మరీ ఇమ్మన్నానయ్యా. కొసరు."

ఆ మధ్యాహ్నం ఎలిసెయో లుండ్ కెఫేలో కాఫీ చల్లారబెట్టుకుని, భార్యకి ఫోనులో చెబుతున్నాడు. స్పానిష్ కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. కానీ ఒక్క మాట దగ్గర మాత్రం ప్రతిసారీ గొంతు పెంచి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులూ చాపి పొడుగు చూపిస్తున్నాడు. అతను ఫోను పెట్టేసరికి ఆ బస్సు కెఫే ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టనంత అయింది.