చివరింటి మగ్గం

కాజీపేటలో రైలెక్కేలోగా ఒక జంపఖానా కొనుక్కుందామని, జనవరి నెలాఖరులో ఒక ఉదయం వరంగల్ కాశిబుగ్గలోని ఓ నేతగాళ్ల ఇంటికి వెళ్లాను. వీధంతా మగ్గాల చప్పుడు. వాకిట్లో రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న అవ్వతో అరిచి మాట్లాడాల్సి వచ్చింది.

"ఎర్రంచుది చూపించవ్వా, రైలుకు టైమవుతోంది."

అవ్వ రాట్నం ఆపేసింది. "జర ఆగు బిడ్డా" అంటూ మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది.

వీధి చివర ఒక మగ్గం ఆగిందని అవ్వకు తెలిసింది, నాకు తెలియలేదు. తర్వాత దాని పక్కది ఆగింది. ఆ పైన ఇంకోటి. నిశ్శబ్దం ఒక్కో ఇల్లు దాటుతూ మా వైపు నడిచి వచ్చింది. లోపల అవ్వ కొడుకు కూడా మగ్గం దిగి చేతులు కట్టుకున్నాడు. పొరుగింట్లో అన్నం ఉడుకుతున్న చప్పుడు కూడా వినిపించింది.

కాసేపటికి చివరింటి వైపు నుంచే మళ్లీ మగ్గాలు మొదలయ్యాయి. ఏమిటని అడిగాను.

"ఇయ్యాల గాంధీ తాత పోయిన రోజు గదా! మా ఆయన పనిచేసిన మిల్లుల పదకొండు కొట్టంగనే సైరన్ కూసేది, అందరం నిలవడేది. మిల్లు బందైంది, సైరన్ బందైంది. నిలవడుడు ఎట్ల బంద్ జేస్తం?"

"మరి టైమెలా తెలుస్తుంది?"

అవ్వ రాట్నం ముందు కూర్చుంటూ అంది: "చివరింటోళ్లు గడియారం జూసి ఆపుతరు, గట్లనే పక్కింటి మగ్గం ఆగుతది గదా బిడ్డా. గదే మాకు సైరన్."