నల్ల వజ్రం పసిగట్టిన క్రీము

మా ల్యాబు జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా కింది అంతస్తులో ఉంది. నేను అద్దెకుండేది ఫిల్మ్ నగర్‌లో. పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాయి సినిమా పాటల్లో హీరోయిన్ వెనక డాన్స్ చేస్తుంది.

ఆ వేసవిలో ఆమె షూటింగులకు వెళ్లడం మానేసింది. పలకరిద్దామని వెళ్తే మొహం ఉబ్బి ఉంది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"కిడ్నీలు ఖరాబైనయంట అక్కా. ఎందుకో డాక్టర్‌కే సమజైతలేదు."

మాట్లాడుతూనే ఒక డబ్బాలోంచి క్రీము తీసి మొహానికి రాసుకుంది. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, అందులో ఏం కలిపారో లేదు.

"ఏంటది?"

"తెల్లగయ్యెతందుకు. ముందు లైన్ల నిలబెట్టాలంటే రంగు చూస్తరు గదా."

అలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుందని, అది కిడ్నీలను పాడుచేస్తుందని చదివాను. "ఇంక దీన్ని ముట్టుకోకు" అని డబ్బా తీసేసుకున్నాను.

మర్నాడు తనూ నాతో ల్యాబుకు వచ్చింది. నీళ్లలో సీసం, పాదరసం లాంటివాటిని పసిగట్టే వజ్రపు ఎలక్ట్రోడ్లు తయారుచేయడం మా పని. అలాంటి ఎలక్ట్రోడునే, గోరంత నల్లటి పలకను చూపించాను.

"ఇది వజ్రమా? నల్లగున్నదేంది?"

"ల్యాబులో పెంచిన వజ్రం. కరెంటు పారాలని బోరాన్ కలుపుతాం, అందుకే నలుపు. విషం కొంచెమే ఉన్నా దీనిమీద తెలిసిపోతుంది."

క్రీమును ఆమ్లంలో కరిగించి, పలచన చేసి, పలకను అందులో ముంచాను. పాదరసం ఉంటే ముందు పలకకు అంటుకుంటుంది. వోల్టేజీ మార్చేకొద్దీ ఊడొస్తూ కంప్యూటర్ తెరమీద గీతను పైకి లేపుతుంది. ఉత్త ఆమ్లంతో చూసినప్పుడు గీత చదునుగా సాగింది. క్రీముతో చూస్తే, పాదరసం కనబడాల్సిన చోటే నిటారుగా లేచింది. మళ్లీ చూశాను. అప్పుడూ అంతే.

"నా చేతులతోనే రాసుకున్న గదక్కా" అంది, తెరమీంచి చూపు తిప్పకుండా.

"నీకు తెలీదుగా. పద, డాక్టర్‌కి చెబుదాం."

డాక్టర్ మా పరీక్ష ఫలితం ఒక్కటే చూసి ఊరుకోలేదు. రక్తం, మూత్రం పరీక్షలకు పంపించారు. వాటిలోనూ పాదరసమే తేలింది. "కారణం దొరికింది కాబట్టి వైద్యం తేలికవుతుంది" అన్నారు. ఆ మాటకు ఆమె ఏడ్చేసింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

వానలు పడేసరికి వాపు దిగింది. మందులు ఇంకా వాడుతోంది. చిన్న చిన్న రిహార్సల్స్‌కు వెళ్లొచ్చని డాక్టర్ ఒప్పుకున్నారు. ఒక ఆదివారం తన డాన్స్ గ్రూపు అమ్మాయిలను ల్యాబుకు వెంటబెట్టుకొచ్చింది. అందరి చేతుల్లోనూ క్రీములే.

"గివి గూడ జర చూడక్కా. నేను చెప్తే నమ్ముతలేరు, నీ నల్ల వజ్రం చెప్పాల్నంట."

అందరం నవ్వుకుంటూ ల్యాబు తలుపు తీశాం.