గోలు పడితేనే బస్సు

తొంభైల్లో హౌరా వెళ్లే రైల్లో, నేనూ ఫుట్‌బాల్ పిచ్చోడినేనని తెలిసి, ఎదురుసీటు బెంగాలీ పెద్దాయన మీ ఊళ్లో ఆట ఎన్ని నిమిషాలని హిందీలో అడిగాడు. బస్సు కదిలేదాకా అన్నాను.

మా చిన్నప్పుడు మా ఊరు ఉదయగిరికి ఆడటానికొచ్చే ఆత్మకూరు జట్టు ఆఖరి బస్సుకే తిరిగి వెళ్లాలి. డ్రైవరుదీ ఆత్మకూరే. తమవాళ్లు గెలిచేదాకా ఆ మహానుభావుడు గ్రౌండు పక్కన బండాపి బీడీ కాల్చేవాడు. ప్యాసింజర్లు గొణిగితే, "గోలు పడలా, బండెట్టా తీసేది?" అనేవాడు.

ఒక సాయంత్రం ఆ బస్సులో మా అవ్వ ఉంది. మా గోల్‌కీపర్ని నేనే. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒక్క గోలు పోనీరా అబ్బయా, బస్సు కదలాల గదా!" అని గ్రౌండంతా వినేలా అరిచింది.

పెద్దాయన నవ్వలేదు.

"ఆ తర్వాత కూడా ఆవిడకు ఇంట్లో అన్నం పెట్టారా?" అన్నాడు.